గాలిలో దిద్దుబాటు

2094 నాటికి విశాఖలో అపస్వరం అనేది వినిపించడం మానేసింది. పెళ్ళి మంటపంలో సన్నాయి మొదలుకొని చర్చిలో పిల్లల పాట దాకా అన్నీ శుద్ధమే. ఆ ఘనత డాక్టర్ నిరుపమ కనిపెట్టిన స్వరశోధినిది.

అందులో మాయేమీ లేదు. వాద్యంలోంచి బయలుదేరిన శబ్దం శ్రోత చెవిని చేరడానికి లిప్తపాటు పడుతుంది. హాలు కప్పులోని సెన్సర్లు ఈలోపే స్వరాన్ని పట్టుకుని ఊరందరికీ ఒకటే అయిన కేంద్ర కంప్యూటర్‌కి పంపుతాయి. ముందుగా దాఖలు చేసిన స్వరపత్రంతో తేడా వస్తే అది ఎదురుతరంగంతో, అంటే యాంటీవేవ్‌తో, ఆ స్వరాన్ని గాలిలోనే చంపేసి సరైనదాన్ని వదులుతుంది. తప్పు చేసినవాళ్ళ నెత్తిన మాత్రం ఎర్ర దీపం వెలుగుతుంది. కచేరీలో మూడుసార్లు వెలిగితే ఆ బృందానికి ఇక ఏ హాలూ దొరకదు.

జాజ్ బృందాలకూ ఇదే నియమం. ఆశువుగా వాయించబోయేది కూడా ముందే రాసివ్వాలట! ఈ ముక్క వినగానే పియానిస్టు బొంతు ఎస్తేరు పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు రాలేదు. "ముందే రాసిచ్చీసినాక ఆశువేటక్కా?" అని ఆమె బృందంలోని జాకబు తన సాక్సాఫోనుని అటకెక్కించేశాడు.

హార్బరు షెడ్డులో నలుగురూ వాయించే రోజుల్లో వాళ్ళకో కట్టుబాటు ఉండేది. ఎవరి వేలైనా జారితే పక్కవాళ్ళు ఆ జారిన స్వరాన్నే అందుకుని ముందుకు లాక్కెళ్ళాలి. ఎస్తేరు కట్టిన పాటల్లో సగం అలా పుట్టినవే. ఇప్పుడు బృందంలో మిగిలింది ముగ్గురు. ముగ్గురూ దీపానికి భయపడి గుమాస్తాల్లా వాయిస్తున్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

ఆ సాయంత్రం బీచి రోడ్డు హాలులో తాడో పేడో తేల్చుకోవాలనుకుంది. మొదటి పాట మధ్యలో, స్వరపత్రంలో లేని చోట, లేని స్వరాన్ని గట్టిగా నొక్కింది.

బాసు వాయించే సన్యాసిరావు బిక్కచచ్చిపోయాడు. అందుకోలేదు. "అక్కా, ఏటి సేస్తన్నావు? హాళ్ళన్నీ పోతాయి!" అని గుసగుసలాడాడు.

"పోనీ. ఇలా వాయించేకంటే పోవడమే నయం."

మళ్ళీ నొక్కింది. తర్వాత రెండు చేతులతోనూ రాయనిదల్లా వాయించింది. దీపం వెలగలేదు. జనం ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు. "ఎంత శుద్ధంగా ఉందో!" అన్నాడు ముందు వరుసలో పెద్దాయన.

విరామం రాగానే ఎస్తేరు నిరుపమ కూర్చునే కంట్రోలు గదిలోకి దూసుకెళ్ళింది.

"ఏం డాక్టరమ్మా, నా దీపం ఏది? తప్పు పట్టేపాటి గౌరవం కూడా లేదా నాకు?"

నిరుపమ లేచి తలుపు మూసింది. "యంత్రం పనిచెయ్యట్లేదమ్మా. పోయిన వానాకాలం పిడుగు పడి కేంద్ర కంప్యూటర్ కాలిపోయింది. బాగుచేసేదాకా చెప్పొద్దన్నారు పైవాళ్ళు."

"అంటే ఈ ఏడాదంతా ఊళ్ళో ఎవరూ తప్పు వాయించలేదా?"

"బోలెడుమంది వాయించారు. మొన్న ఒక సన్నాయి అయితే ఘోరం. దీపం వెలగలేదు కదా, ఎవరికీ తప్పనిపించలేదు. అంతా పైకి చూస్తున్నారమ్మా. వినేవాళ్ళు లేరు."

ఎస్తేరుకి ముందు కోపం, వెంటనే సిగ్గు ముంచుకొచ్చాయి. ఏడాదిగా తన వేళ్ళని కట్టేసింది యంత్రం కాదు, తానే. జాకబు అటకెక్కించిన సాక్సాఫోను గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

"ఎవరికీ చెప్పకండి. నా ఉద్యోగం పోతుంది," అంది నిరుపమ.

"నా బృందం ఇప్పటికే విరిగిపోయింది తల్లీ," అంటూ ఎస్తేరు నేరుగా వేదిక ఎక్కింది. మైకు అందుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

హాలంతా ఒక్కసారిగా గగ్గోలెత్తింది. ఇందాకటి పెద్దాయన లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"అయితే ఇందాక మేం విన్నదంతా తప్పేనా? మాకు నచ్చింది కూడానా?"

"నచ్చిందా?"

"నచ్చింది! అదే కదా దారుణం! దీన్ని ఎప్పుడు మరమ్మతు చేస్తారు?"

వెనక వరుసల వాళ్ళు కూడా అదే అరిచారు. "మరమ్మతు! మరమ్మతు!"

ఎస్తేరు స్టూలు ముందుకు జరుపుకుని కూర్చుంది. స్వరపత్రాన్ని తీసి కింద పడేసింది.

"ఇదిగో, మొదలెడుతున్నా. మరమ్మతు మీ చెవులకి. కూర్చోండి," అని వాయించసాగింది.