పట్టు అడిగే దొర

గద్వాల నుంచి గట్టు ఊరికి పోయే దోవలో విమానం గుట్ట ఉంది చూశారూ… చీకటి పడ్డాక పట్టుబట్ట పట్టుకుని దాని కిందుగా ఎవరూ పోరు. పెద్ద యుద్ధం నాడు బాంబుల విమానం ఒకటి దారితప్పి దానిమీద కూలిందట. లోపల ఐదుగురు తెల్లదొరలు. నలుగురు అక్కడికక్కడే పోయారు. ఐదోవాడు పారాచూట్, అదే, ఊరివాళ్ల మాటలో పట్టు గొడుగు, కట్టుకుని దూకాడు గానీ అది విచ్చుకోనేలేదు. ఆ పట్టును ఎవరో ఎత్తుకుపోయారట. అప్పట్నుంచి పట్టు వాసన తగిలితే చాలు, ఆ దొర వెనకనుంచి వచ్చి గుంజుతాడు.

మరి పట్టే బతుకైన మద్దిలేటి ఏం చేయాలి?

గద్వాలలో అతనిది మగ్గం ఇల్లు. గట్టులో పూజ అనే పిల్లకు పెళ్లిచీర ఒప్పుకున్నాడు. భార్య అనంతమ్మ నేసి, మగ్గం మీంచి కోసేసరికి అర్ధరాత్రి దాటింది. ముహూర్తం తెల్లవారుజాము నాలుగుకు. చీర అందకపోతే ఆ పిల్ల పాతచీరతో పీటలెక్కాలి. ఇక గట్టులో మద్దిలేటి ముఖం ఎవరూ చూడరు.

"గుట్టకాడ ఎన్కకు చూడకు," అంది అనంతమ్మ, చీర సంచిని మోటారుబండి వెనక కడుతూ. "చీర పోగొట్టుకుంటే మాత్రం ఇంటికి రాకు."

సరిగ్గా గుట్ట కిందికి రాగానే — టప్! ముందు చక్రంలో ముల్లు దిగింది.

బండిని తోసుకుంటూ నడిచాడు. చంద్రుడు లేడు… గాలి లేదు… సెల్ వెలుతురు ముందుకే వేశాడు, వెనక్కి వేసే ధైర్యం లేదు. పది అడుగులు వేశాడో లేదో, బండి బరువెక్కింది.

ఆగాడు. బరువు పోయింది.

నడిచాడు… ఎవరో సంచిని మెల్లగా పట్టి గుంజారు.

"దొరా," అన్నాడు వెనక్కి తిరగకుండానే, "గిది నీ గొడుగు గుడ్డ గాదు. పెండ్లిపిల్ల చీర. మా ఇంట్లామె నడుము పడిపోయేదాంక నేసింది."

చెయ్యి వెనక్కి చాచి సంచిని తడిమాడు. వేళ్ల మీద… వెచ్చటి ఊపిరి!

అన్నీ వదిలేసి పరిగెత్తుదామనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఒక కాలు లేచింది కూడా. అప్పుడు అనంతమ్మ గుర్తొచ్చింది. దొర చచ్చి ఎనభై ఏళ్లయింది, అనంతమ్మ బతికే ఉంది. కళ్లు మూసుకుని, రెండు చేతులా సంచిని ఒక్క లాగు లాగాడు —

"మ్మే…"

మేక! పక్క చేలో ముళ్లకంప వేసి ఆపిన మందలోంచి తప్పించుకొచ్చింది. పడుగు దారాలకు పట్టించిన గంజి వాసనకు సంచి మూతి విప్పి, చీర కొంగు కుచ్చులు నములుతోంది.

మద్దిలేటికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. మేక ఎంగిలి చేసిన చీర ఏ పెళ్లిపిల్ల కట్టుకుంటుంది?

బండిని తోసుకుంటూ పెళ్లింటికి చేరేసరికి మూడున్నర. నలిగిన కుచ్చులు చూసి పూజ మేనమామ వెంకటన్న, "ఏందయ్యా గిది?" అన్నాడు.

మద్దిలేటి నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చింది. "గుట్టకాడ దొర గుంజిండన్నా… నేను ఇడువలే."

అనుకున్నదొకటి, అయిందొకటి. దెయ్యం ముట్టిన చీర అనేసరికి వెంకటన్న రెండడుగులు వెనక్కి వేశాడు. పూజ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు పూజ ముత్తవ్వ ఈదమ్మ, తొంభైకి దగ్గరపడ్డ మనిషి, చీర ఇటు తెమ్మంది. కుచ్చులు తడిమి, వాసన చూసి, మద్దిలేటి చెవిలో గొణిగింది.

"మేకలు కాసినదాన్ని, నాకు తెల్వదా బిడ్డా? దొర ఎవర్నీ గుంజడు. గొడుగు పట్టు దాసిపెట్టింది మా అమ్మనే. వాటాకు ఎవరూ రావొద్దని, పట్టు పట్టుకున్నోల్ల ఎంబడి దొర పడ్తడని పుకారు లేపింది. ఆ దొరలు మీసాలు రాని పిల్లగాండ్లు… మీద గుడ్డ లేకుండ బొందపెట్టిరి."

మద్దిలేటికి సిగ్గేసింది. ఆ పిల్లలమీద ఇప్పుడు తానూ ఒక అబద్ధం వేశాడు.

ఈదమ్మ కర్ర ఊని లేచి, పందిరంతా వినబడేలా అరిచింది. "దొర దీవించి ఇడిచిండు! మా పూజకు గీ చీరనే కట్టుండ్రి!"

మేళం మొదలైంది. మద్దిలేటి బతుకుజీవుడా అనుకుంటుంటే, ఈదమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"మర్లి పోయేటప్పుడు గుట్టకాడ జర ఆగు బిడ్డా. మా అమ్మ తప్పును ఈదమ్మ ఒప్పుకుందని చెప్పు."

"ఎవరికి చెప్పాలవ్వా? దొర గుంజుడు అబద్ధమంటివి గద!"

"గుంజుడు అబద్ధమన్న…" ఈదమ్మ గుట్ట వైపు చూసింది. "దొర లేడన్ననా?"