రెండు షిఫ్టుల పరుపు

కనకవ్వ పొద్దున్నే పెద్ద గిన్నెలో ఉప్మా కలుపుతోంది. తెలుగు నేతగాళ్ళు వలస వచ్చిన కడోదరాలో ఆ రోజు మగ్గాలకు కరెంటు సెలవు. పగటి షిఫ్టు వాళ్ళూ రాత్రి షిఫ్టు వాళ్ళూ ఒకేసారి ఆమె మేడ మీది అద్దె గదిలో ఉండేది వారంలో ఆ ఒక్క రోజే. అందులో పట్టని వాళ్ళు కింద ఆమె హాల్లోనే నడుం వాల్చారు.

కొడుకు కమలాకర్ వాళ్ళ కాళ్ళు దాటుకుంటూ వచ్చాడు. చేతిలో కొత్త తాళంకప్ప. హైవే పక్కన కొత్తగా వచ్చిన టెక్స్‌టైల్ పార్కులో ఈ మధ్యే సూపర్‌వైజర్ అయ్యాడు. అక్కడ కరెంటు సెలవులు ఉండవు. అందుకే ఈ రోజు సంగతి మరిచాడు.

"అవ్వా, మేడ మీది రూం మా కంపెనీ సార్లకు ఇస్తనన్న. ఇయ్యాల్నే చూస్తందుకు వస్తుండ్రు. మొండయ్య కాకోళ్ళను ఖాళీ చెయ్యుమను."

"చేసి యాడ పోతరు?"

"యాడనో చూసుకుంటరు. కిరాయిలెంత పెరిగినయో ఎరికేనా?"

కనకవ్వకు ఒళ్ళు మండిపోయింది.

"పార్కు రావట్టే పెరిగినయి గద! గా పార్కుల పనికి వచ్చేటోళ్ళందరు సార్లేనా? మగ్గం నడిపేటోడు, మూటలు మోసేటోడు యాడ పండాలె? లాక్‌డౌన్ల హైవే పట్టుకొని నడిచిపోయిండ్రు. మల్ల నడవమంటవా?"

"నాయిన ఉంటే నా మాట ఇనేటోడు!"

ఆ మాట ఆమె గుండెలో గుచ్చుకుంది. భర్త గణపతి కరోనా రెండో వేవ్‌లో పోయాడు. ఇంకా ఏడాది తిరగలేదు.

మెట్ల మీద మొండయ్య నిలబడి ఉన్నాడు. చంకలో చుట్టిన పరుపు.

"కొట్లాట వద్దు వదినా, మేం పోతం" అని పరుపు కమలాకర్ ముందు దించాడు. "గిది మీ నాయినది బిడ్డా. ఇల్లు కట్టకముందు ఆయనది పగటి షిఫ్టు, నాది రాత్రి. ఆయన లేస్తే నేను పండేది. ఇద్దరం కూసొని చాయ తాగింది కరెంటు సెలవు నాడే. నేను ఒరిగేటాళ్ళకు పరుపు ఇంకా ఎచ్చగుండేది."

బయట బండి ఆగింది. మాస్కు గడ్డం కిందికి లాగి, సారు గేటు దగ్గర నుంచే గది ఖాళీయేనా అని హిందీలో అడిగాడు. "కమలాకర్, కమ్రా ఖాలీ హై న?"

కనకవ్వ గరిటె చేతిలో ఉండగానే గడపలో అడ్డంగా నిలబడింది. "ఖాలీ నహీ హై సాబ్! ఇంత పెద్ద పార్కు కట్టిండ్రు. పనోళ్ళకు రూములు గూడ కట్టుండ్రి!"

సారుకు తెలుగు ముక్క రాదు. అయోమయంగా కమలాకర్ వైపు చూశాడు.

కమలాకర్ వంగి పరుపు మీద చెయ్యి వేశాడు. మొండయ్య ఇప్పుడే లేచి వచ్చాడేమో, ఇంకా వెచ్చగానే ఉంది. కళ్ళు నిండిపోయాయి.

"అవ్వ సచ్ బోల్ రహీ హై సాబ్. ఖాలీ నహీ హై" అన్నాడు, అవ్వ చెప్పింది నిజమేనని, ఈసారి తలెత్తి.

బండి వెళ్ళిపోయింది. తాళంకప్ప కిటికీలో పడేసి, కమలాకర్ ఆ పరుపును హాల్లో తన చాప పక్కనే పరిచాడు.

"కాకా, ఈడ పండు. ఇయ్యాల సెలవు గద."

కనకవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మేడ మీది వాళ్ళను ఉప్మాకు కేకేసింది.