సముద్రపు తల్లికి బొట్టు

అవ్వ కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. చీనా పళ్ళ డాక్టరు పటకారు చేతిలోకి తీసుకున్నాడు. అంతే, మద్దమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది. పన్ను అవ్వది, భయం మనవరాలిది!

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరంతా గుడారాలు, జీపులు, దుమ్ము. పొద్దున్నే ఇద్దరూ గుడికి వెళ్ళి, అమ్మ కోసం కుంకుమ పొట్లం కట్టించుకుని, అటునుంచి అటే ఇక్కడికి వచ్చారు. పొట్లం ఉన్న సంచి మద్దమ్మ భుజానే ఉంది.

"ఏం పాపా, భయమైతాందా? రా, మా గుడి చూద్దువు," అంది డాక్టరు భార్య డాక్టరమ్మ. ఆమెదీ చీనా దేశమే. కర్నూలుకు వచ్చి చాలా ఏళ్ళైంది కాబట్టి మాట మాత్రం అచ్చం మన మాటే.

పెరట్లో ఎర్ర తలుపుల చిన్న గది ఉంది. లోపల ఎత్తైన అరుగు మీద అమ్మవారి బొమ్మ, కింద ఒక పీట.

"ఇది మా తావో మతం గుడి. మా ఊరు సముద్రం గట్టున ఉండాది. పడవలోళ్ళను కాపాడే తల్లి ఈమె. వచ్చేటప్పుడు మాతో తెచ్చుకున్నాం."

"ఈడ సముద్రం లేదు కదా!"

"లేదు. మా మాదిరే ఈమె కూడా అలవాటు పడింది," అని నవ్వింది.

లోపలినుంచి డాక్టరు వేడినీళ్ళు అడిగాడు. డాక్టరమ్మ వెళ్ళింది.

పైకప్పు నుంచి చుట్టలు చుట్టిన అగరుబత్తీలు వేలాడుతున్నాయి. పొగ మెల్లగా కిందికి దిగుతోంది. గాలికి ఎర్ర కాగితపు లాంతర్లు ఊగాయి. వాటితోపాటు గది కూడా ఊగినట్టనిపించింది. మద్దమ్మ ఎండాకాలంలో హంద్రీ ఏటి ఇసుకను చూసిందే గానీ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు కాళ్ళ కింద నీళ్ళు కదులుతున్నట్టే ఉంది. ఎంత బాగుందో!

తల్లి ముఖం తెల్లగా, చల్లగా ఉంది. నుదుట బొట్టు లేదు.

మద్దమ్మ మనసు కలుక్కుమంది. తాత పోయినప్పటి నుంచి అవ్వకూ బొట్టు లేదు. పేరంటాలకు ఎవరూ పిలవరు. ఇంట్లో పేరంటమైతే తలుపు వెనకే నిలబడుతుంది. పాపం, ఈ తల్లినీ ఎవరూ పిలవరేమో!

పీట ఎక్కి, పొట్లం విప్పి, ఇంత బొట్టు పెట్టేసింది. "ఇప్పుడు బాగున్నావు," అంది.

"ఏం పని చేసినావు పాపా!"

వాకిట్లో డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ ముఖానికి మా నాయన రంగులేసినాడు. ఇప్పుడాయన లేడు. మేమే దాన్ని ముట్టుకోం."

మద్దమ్మకు ఏడుపొచ్చింది. "బొట్టు లేకుంటే ఎవరూ పిలవరు కదా, మా అవ్వ మాదిరి... అందుకే పెట్టినా."

డాక్టరమ్మ దూది తెచ్చి మెల్లగా కుంకుమ రాల్చసాగింది. మద్దమ్మ ఊపిరి బిగబట్టి కింద పళ్ళెం పట్టుకుంది.

"మా తల్లికి బొట్టు పెట్టరు పాపా. ఇట్లుంటేనే ఆమెకు నిండుదనం. ఒక్క మాట అడిగింటే చెప్పేదాన్ని కదా."

రంగు పోలేదు గానీ, నుదుట కొంచెం ఎరుపు మిగిలిపోయింది. మద్దమ్మ దానివైపు చూడలేకపోయింది.

ఇంటికి బయల్దేరారు. అవ్వ బుగ్గ ఉబ్బింది, నోట్లో దూది ఉంది. ఇల్లు చేరేదాకా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు.

దారిలో మద్దమ్మ పొట్లం విప్పి కుంకుమలో వేలు అద్దింది. వేలు పైకెత్తబోయి ఆగింది.

"అవ్వా, నీకు బొట్టు పెట్టేదా? నీకు ఇష్టమైతేనే."

అవ్వ ఉలిక్కిపడింది. అటూ ఇటూ చూసి, తల అడ్డంగా ఊపింది.

"సరే అవ్వా," అని మద్దమ్మ పొట్లం మడిచి సంచిలో పెట్టుకుంది. అవ్వ చెయ్యి పట్టుకుని నడిచింది.

కొంచెం దూరం పోయాక అవ్వే ఆగింది. చెంగుతో నుదుటి చెమట తుడుచుకుంది. రోడ్డు మీద జనం చూస్తుండగానే, నుదురు మనవరాలి చేతికి అందేలా మెల్లగా వంగింది.