దామోదర్ థైరాయిడ్ రిపోర్టు

దామోదర్‌తో వచ్చిన చిక్కల్లా, కూతురి భవిష్యత్తు గురించి ఆలోచనలన్నీ ఇడ్లీలు తినేటప్పుడే రావడం. రేణు ఇరవై రెండేళ్ళుగా వండి పెడుతోంది. పిండి సరిగ్గా పులిసిందో లేదో ఒక్కనాడూ చెప్పిన పాపాన పోలేదు. నైనిక ఏం చదవాలో మాత్రం వాయి వాయికీ చెబుతాడు.

ఆ శనివారం కూడా అదే వరస. నైనిక వేసవంతా, టెక్సాస్‌లో వాళ్ళుండే కాపెల్ దగ్గరి ఆసుపత్రి ల్యాబ్‌లో హెల్పర్‌గా పనిచేసింది. పని నచ్చి వాళ్ళు అప్రెంటిస్‌గా తీసుకుంటామన్నారు. నాలుగేళ్ళు ల్యాబ్‌లో పనిచేస్తూనే కాలేజీ చదువు, ఫీజు ఆసుపత్రిది, చివర్లో డిగ్రీ. వచ్చే శుక్రవారంలోగా జవాబివ్వాలి. దామోదర్‌కేమో కూతురు డాక్టరు కావాలి. అయిపోయినట్టే ఊరంతా చెప్పేశాడు కూడా.

"టెస్ట్ ట్యూబులు కడగడానికా హైస్కూల్లోనే ఇన్ని కాలేజీ లెవెల్ క్లాసులు చదివావు?" అన్నాడు.

"ఎవరూ కడగరు డాడీ. వాడాక పారేస్తారు."

"చూశావా రేణూ, పారేసే ఉద్యోగమట. నేను కార్ ఇవ్వను. ఐదింటి షిఫ్ట్‌కి నడిచి వెళ్ళమను."

బస్సులు తిరగని కాపెల్‌లో కారు ఇవ్వననడమంటే కాళ్ళు కట్టేయడమే. నైనిక ప్లేటు సింక్‌లో పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ కోపంలో సగం భయమని రేణుకు తెలుసు. వారం కిందటి రక్తపరీక్షలో ఆయన థైరాయిడ్ హద్దులు దాటి ఎక్కువగా కనిపించింది. డాక్టరు స్పెషలిస్టుకు రాశాడు. అపాయింట్‌మెంట్ ఆరు వారాల తర్వాత. అప్పటినుంచి తన నాడి తనే పట్టుకు చూసుకుంటున్నాడు. ఇన్సూరెన్స్ కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయో ఆమెకు రెండుసార్లు చూపించాడు.

మధ్యాహ్నం రేణు ఆ రిపోర్టు తీసుకెళ్ళి కూతురి చేతిలో పెట్టింది. నైనిక చదివి హాల్లోకి వచ్చింది.

"డాడీ, చేతులు వణుకుతున్నాయా?"

"లేదు."

"నిద్ర పడుతోందా?"

"గురక కూడా పెడుతున్నారు," అంది రేణు.

"వెయిట్ తగ్గావా?"

రేణు ఆయన పొట్ట వైపు చూసి ఊరుకుంది.

"ఇవేవీ లేకుండా ఈ నంబర్స్ ఏంటి? విటమిన్స్ ఏమైనా తీసుకుంటున్నావా?"

"ఏమీ లేదు," అన్నాడు దామోదర్, కాస్త తొందరగా.

రేణు లేచి వెళ్ళి, బాత్రూంలో షేవింగ్ క్రీం వెనక ఉన్న సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన మూడు నెలలుగా రహస్యంగా మింగుతున్న బిళ్ళలు. మొగుడి బట్టతల ఊసెత్తకపోవడం సంసారానికి మంచిదని ఇన్నాళ్ళూ చూడనట్టే ఉంది.

"అది మందు కాదు. జుట్టుకి," అన్నాడు దామోదర్ నేల చూస్తూ.

నైనిక నవ్వలేదు. లేబుల్ చదివింది. "బయోటిన్ అనే విటమిన్, చాలా ఎక్కువ డోస్. ఇది ఒంట్లో ఉంటే కొన్ని మెషీన్స్‌లో థైరాయిడ్ రిజల్ట్ తప్పు వస్తుంది. నీకు అసలు ప్రాబ్లం లేకపోవచ్చు. నేను ష్యూర్‌గా చెప్పలేను. డాక్టర్‌కి చెప్పి, ఇది ఆపి, మళ్ళీ టెస్ట్ చేయించు."

"నీకెవరు చెప్పారు?"

"ల్యాబ్‌లో నేర్పారు. మెషీన్ నంబర్ ఇస్తుంది డాడీ. దాన్ని నమ్మాలా వద్దా చూడడం మా పని. కానీ నువ్వు దాచిపెడితే మాకు ఎలా తెలుస్తుంది?"

మా పని, అంది. ఇంకా సంతకం కూడా చేయని ఉద్యోగం. రేణు గమనించింది. ఆయనా గమనించాడేమో, ఫోన్ తీసి డాక్టరు నంబరు వెతికాడు.

డాక్టరు బిళ్ళలు ఆపించి మళ్ళీ రక్తం తీయించాడు. గురువారం సాయంత్రం ఫోన్‌లో రిపోర్టు వచ్చింది. అంకెలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. దామోదర్ మూడుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. ఆ తర్వాత కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

నైనిక సోఫాలో కూర్చుని లాప్‌టాప్ చూస్తోంది. ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"టెస్ట్ తప్పొస్తుందని ఆ సీసా మీద కంపెనీవాళ్ళు పెద్ద అక్షరాలతో రాసి ఉండాల్సింది," అన్నాడు.

బట్టలు మడతపెడుతున్న రేణు తలెత్తకుండానే అంది, "చెప్పడానికొచ్చింది ఇదేనా?"

ఆయన కూతురి వైపు తిరిగాడు.

"ఇన్ని రోజులూ చచ్చిపోతానేమోనని భయపడ్డాను నైనీ. ఏం తింటున్నావని అడిగింది నువ్వొక్కదానివే. రేపటిదాకా ఆగకు, వాళ్ళకి ఇప్పుడే ఎస్ అని రాసెయ్. నాదే తప్పమ్మా. నీ పనేంటో తెలుసుకోకుండానే వద్దన్నాను."