నిర్ణేత చదవలేని రంగు

గోరువెచ్చటి నీటి మీద మైనపు పొర ముడతలు విడిపోయి పరుచుకుంది. ఎస్తేరు గాజుపలకను ఏటవాలుగా ముంచి, గోరంత పొరను దాని మీదకు ఎక్కించుకుంది. వెంట్రుక కన్నా పలచనైన ఆ పొరలో, పైడమ్మ కుడిచేతి ఎముక మీద లేచిన గడ్డ ముక్క ఉంది.

"ఇది ఎన్నో పలక మేడం?" తలుపు దగ్గర నిలబడి అడిగాడు శస్త్రవైద్యుడు రాజలింగం.

"లెక్కపెట్టడం మానేశానండి."

"పైడమ్మను బల్ల మీదికి తెచ్చిన్రు. నిర్ణేత కోతచేతిని సిద్ధం చేస్తున్నది."

ఎస్తేరు తల ఎత్తలేదు. గడ్డ కేన్సరా కాదా తేలాలంటే కణాల కేంద్రకాలు కనబడాలి. కేంద్రకాలకు పట్టే హెమటాక్సిలిన్, భూమ్మీద ఒక చెట్టు చేవలోంచి తీసే రంగు. దాన్ని తెస్తున్న నౌక ధూళి తుఫాను తగ్గేదాకా కుజుడి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ప్రయోగశాలలో మిగిలిన సీసా చలికి గడ్డకట్టి పగిలిపోయింది. కుజుడి మీద మనుషులుండే గుమ్మటాలన్నిటిలోనూ పలకలు చదివేది నిర్ణేత అనే యంత్రమే. అది చదవలేకపోతే కేన్సరు అనే భావించి, ఆ భాగాన్ని తీసెయ్యాలి. ఆ నియమాన్ని ఎవరూ ప్రశ్నించి ఎరుగరు.

తోటగుమ్మటంలో ఎర్ర గోంగూర విరగకాసింది. కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకలు మరిగించి, ఆ రసంలో పటిక కలిపి చూసింది ఎస్తేరు. పలకంతా గులాబి మయమైంది తప్ప కేంద్రకం జాడ లేదు. రంగును కేంద్రకానికి కట్టిపడేసేది ఇంకేదో కావాలి. ఇనుము కావాలి. ఆ ఉదయం బయటి నుంచి వచ్చి, గుమ్మటం వాకిట్లోని గాలిగదిలో బూట్లు దులుపుతూ కిందకు చూసి, ఉన్నపళాన ఆగిపోయింది. చుట్టూ ఎర్రదుమ్ము. గ్రహం నిండా ఇనుమే!

దోసెడు దుమ్మును ఆమ్లంలో కరిగించి వడకట్టింది. ఇప్పుడు ఆ ద్రవాన్ని గోంగూర రసంలో చుక్క చుక్కగా వేసింది. ఎరుపు ఊదాగా మారింది. మరో చుక్కకు సిరాలా నల్లబడింది.

పైడమ్మ పలకతో పాటు, పాత నిల్వలోంచి తీసిన, రంగు వెయ్యని నిజమైన కేన్సరు పలకను కూడా అదే రంగులో ముంచింది. కడిగింది. సూక్ష్మదర్శిని మీద పెట్టి కన్ను ఆనించింది.

"డాక్టరుగారూ! పట్టిందండీ! రండి, రండి!"

లేత గులాబి నేల మీద నల్లటి కేంద్రకాలు గింజల్లా నిలిచి ఉన్నాయి. అంచులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎస్తేరు పైడమ్మ పలకను నిర్ణేతకు అందించింది. జవాబు వెంటనే వచ్చింది.

"వర్ణం అపరిచితం. పలక చదవబడలేదు. ఛేదనం ప్రారంభించండి."

మరుక్షణం ఎస్తేరు రాజలింగం భుజం పట్టుకుని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. "అది చదవకపోతే మనం చదువుదాం. ముందు నిజం కేన్సరు చూడండి."

"అబ్బో, ఒక్కటొక్క తీరు. పెద్దగ, వికారంగ ఉన్నయి."

"ఇప్పుడు పైడమ్మది."

"ఇవన్నీ ఒక్క తీరుగ ఉన్నయేంది?"

"గాయం మానేటప్పుడు పుట్టే కణాలండి ఇవి. ఆవిడ చేతికి డ్రిల్లు తగిలిందని మీరే చెప్పారు కదా. నడుమ గజిబిజిగా ఉన్నా, అంచుకొచ్చేసరికి చక్కగా ఎముక కడుతున్నాయి. కేన్సరైతే అంచునే రెచ్చిపోయేది."

"మీ మాట తప్పైతే?"

"ఆవిడ ప్రాణం పోతుంది. అది నాకు తెలుసు." ఎస్తేరు పలకను చేతిలోకి తీసుకుంది. "అయినా నేను చూసింది చూశానండి."

ఇద్దరూ శస్త్రశాలలోకి పరుగెత్తారు. భుజం దాకా మొద్దుబారిన చేత్తో, మెలకువగానే పడుకుని ఉంది పైడమ్మ. కత్తి బిగించిన నిర్ణేత కోతచేయి కిందకు దిగుతోంది.

"డాక్టరమ్మా, నా సెయ్యి ఉంటాదా, పోతాదా? నిజం సెప్పీయండి."

"ఉంటుంది పైడమ్మా," అంటూ ఎస్తేరు గోడ మీది ఎర్రటి మీట పట్టుకుని కిందకు లాగింది. కోతచేయి గాలిలోనే ఆగింది.

"ఆదేశం నిలిపివేయబడింది," అంది నిర్ణేత. తర్వాత ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినని ప్రశ్న అడిగింది. "బాధ్యత ఎవరిది?"

"నాది. పేరు ఎస్తేరు. పలక నా కళ్లతో చదివాను. కేన్సరు కాదు."

రాజలింగం ఒక అడుగు ముందుకేశాడు. "నాది గూడ. రాజలింగం."

పైడమ్మ ఎడమచేత్తో కుడిచేతిని తడుముకుని పెద్దగా ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. ఎస్తేరు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఒక చోట ఆదేశం నిలిస్తే ఆ కబురు గుమ్మటాలన్నిటికీ పోతుంది. గోడ మీది పిలుపుదీపం వెలిగింది. మరో గుమ్మటం నుంచి ఎవరో వైద్యురాలి గొంతు, ఊపిరి అందకుండా:

"హలో, ఆపింది మీరేనా? మా దగ్గర కూడా రంగు అయిపోయిందండి. ఒకావిడ రొమ్ము తియ్యమని చెప్పింది నిర్ణేత. నేనూ మీట లాగేశాను. ఇప్పుడేం చెయ్యాలో తెలియట్లేదు."

ఎస్తేరు ఆ గొంతుకు దగ్గరగా జరిగింది.

"కంగారు పడకండి. మీ తోటలో ఎర్ర గోంగూర ఉందా? కాయలు కోయించండి. ఈలోపు నీళ్లు మరగబెట్టండి, మిగతాదంతా నేను వరసగా చెబుతాను."