చేపల మీద వాకర్

"ఒలే గౌరీ! ఇలా రాయే!"

పొద్దున్నుంచి మామ్మ పిలవడం ఇది ఎన్నోసారో గౌరికే తెలియదు.

"అబ్బా! మల్లీ ఏటే మామ్మా?"

"కోప్పడకు తల్లీ. ఓపాలి బాత్రూమ్‌కి తీసుకెల్లవా?"

అసిరమ్మ మామ్మ వానల్లో పడవల రేవు దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. "వాకర్ ఎప్పుడూ మంచం పక్కనే, చేతికి అందేలా ఉండాలి. తోడు లేకుండా నడవనివ్వొద్దు. మళ్లీ పడితే ఇక లేవడం కష్టం" అని నర్సు మరీ మరీ చెప్పి పంపింది.

నాన్న చేపల వేటకి పోయాడు. అమ్మ చేపల గంపతో కోటబొమ్మాళి వెళ్లింది. వీధి మలుపు తిరిగేదాకా "మామ్మ జాగర్త" అని చెబుతూనే ఉంది. దసరా సెలవులన్నీ గౌరికి ఇలాగే గడిచిపోతున్నాయి.

గౌరి మామ్మను లేపింది. వాకర్ పట్టించి, పక్కనే నడిచి, మళ్లీ తెచ్చి మంచం మీద పడుకోబెట్టింది. ఇంతలో ముంగిట్లో ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలాయి. తోలింది. అవి మళ్లీ వచ్చాయి.

"ఏటి నర్సమ్మగోరూ, డ్యూటీ ఇంకా అవనేదా?" వీధిలో తొక్కుడుబిళ్ల గీతలు గీస్తూ పక్కింటి నీలవేణి వెక్కిరించింది.

"నాను ఆటకొస్తే ఈ కాకుల్ని ఎవులు తోల్తారే?"

అంతలోనే గౌరికి ఒక ఉపాయం తట్టింది. మామ్మ కునుకు తీస్తోంది. గౌరి చప్పుడు చేయకుండా వాకర్ తీసుకొచ్చి చేపల మధ్య నిలబెట్టింది. దాని మీద పాత వల కప్పేసింది. గుడారంలా భలే కుదిరింది! కాకులు గోడ మీదే ఆగిపోయాయి. గౌరి వీధిలోకి తుర్రుమంది.

ఆట మంచి జోరు మీద ఉండగా ఇంట్లో ఏదో దబ్బున పడింది.

గౌరి పరిగెత్తింది. మామ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. కాళ్లు వణుకుతున్నాయి. మంచినీళ్ల చెంబు కింద దొర్లుతోంది. నేలంతా నీళ్లు.

"కదలకు మామ్మా! నీలవేణీ, కుర్చీ తేవే! బేగి!"

గౌరి మామ్మ నడుము చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. మామ్మ బరువంతా తన మీదికి వాలిపోతోంది. నీలవేణి కుర్చీ తెచ్చి వెనక పెట్టింది. ఇద్దరూ కలిసి మెల్లగా కూర్చోబెట్టారు.

"నన్ను పిలవనేదేటి మామ్మా?" గౌరికి ఏడుపొచ్చేసింది.

"నువ్వు ఇసుక్కుంటన్నావు కదమ్మా. ఆడుకుంటన్న పిల్లని బాత్రూమ్‌కని ఎన్నిసార్లు పిలుత్తాను? అందుకే నీల్లు కూడా తాగడం మానీసాను. తాగితే మల్లీ నిన్నే పిలవాల."

గౌరి నేల వైపు చూసింది. పొద్దున అమ్మ నింపి పెట్టిన చెంబెడు నీళ్లూ అక్కడే ఉన్నాయి. మామ్మ పెదవులు ఎండి పగిలిపోయాయి.

గౌరి నేల తడి లేకుండా తుడిచింది. వల లాగేసి, వాకర్ కడిగి, దాని కాళ్లు పొడిగా తుడిచి మామ్మ ముందు పెట్టింది. కాకులు చేపల మీద పడ్డాయి. పడితే పడనీ అనుకుంది. గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"తాగు మామ్మా. మొత్తం తాగాల."

"మల్లీ ఎల్లాలే..."

"ఎల్దాం."

గౌరి మామ్మను మంచం మీద పడుకోబెట్టి వచ్చింది. కాసేపటికి వీధిలో ఆట మళ్లీ మొదలైంది.

"ఒలే గౌరీ, నీ వంతే!" నీలవేణి అరిచింది.

"నువ్వాడతండు, వచ్చేస్తాను."

లోపలి నుంచి ఎవరూ పిలవలేదు. గౌరి మంచం దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

"మామ్మా, లెగు. ఓపాలి ఎల్లొచ్చేద్దాం."