రెండు నక్షత్రాలు

ఆదివారం పొద్దున్నే మృదుల అల్మాస్‌గూడలో బస్సెక్కి గడ్డిఅన్నారంలోని పుట్టింటికి వచ్చింది. చేతిలో ‘స్వరసీమ’ మాసపత్రిక, చిన్న నోట్‌బుక్ ఉన్నాయి.

“అల్లుడు రాలేదేమే?” పెనం మీద పెసరట్టు తిరగేస్తూ అడిగింది సూర్యప్రభ.

“షెడ్డులో ఉన్నారమ్మా. నాన్నతో పనుండి వచ్చాను.”

ఆమె తండ్రి వెంకట్రావు ఇరవై రెండేళ్లుగా ఆ పత్రికలో ఆడియో పరికరాల సమీక్షలు రాస్తున్నాడు. ఏ స్పీకర్లు కొనాలో తేల్చుకోలేనివాళ్లు ఆయన ఇచ్చే నక్షత్రాలు చూసి కొంటారు. అల్లుడు శ్రీనివాస్‌ది నల్గొండ దగ్గర పల్లె. మీర్‌పేట్‌లో షెడ్డు కిరాయికి తీసుకుని సొంతంగా స్పీకర్లు తయారుచేస్తాడు. మామగారి పేరు ఎక్కడా వాడుకోకుండా, మూడు నెలల కిందట అందరిలాగే ఒక జత పత్రిక ఆఫీసుకు పంపాడు. సంపాదకుడు వాటిని వెంకట్రావుకే అప్పగించాడని ఈ నెల సంచిక చూశాకే వాళ్లకు తెలిసింది.

“నాన్నా, రెండు నక్షత్రాలే ఇచ్చావని గొడవపడడానికి రాలేదు,” అంది మృదుల, ఆయన ఎదురుగా కూర్చుంటూ. “గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుందని రాశావుగా, ఏ పాటలో అలా అనిపించిందో ఆయన రాసుకురమ్మన్నారు. ‘మామయ్య చెవి తప్పు వినదు, తప్పు నాదే అయ్యుంటది’ అని పద్నాలుగు స్పీకర్లూ విప్పి కూర్చున్నారు.”

వెంకట్రావు తలెత్తాడు. “పద్నాలుగూ విప్పేశాడా?”

“అమ్మకానికి సిద్ధం చేసినవన్నీ. ఒక్క పాట చెప్పు చాలు.”

“ఫలానా పాటని ఏముందమ్మా... మొత్తం మీద అలా ఉంది.”

మృదుల కలం ఆగిపోయింది. ముప్పై ఏళ్ల కిందట విన్న కచేరీలో మృదంగం ఎక్కడ తడబడిందో చెప్పగల మనిషి ఆయన.

“సరే, ఆ స్పీకర్లేవి? తీసుకెళ్లి ఆయనకే వినిపిస్తాను.”

“అవి తర్వాత చూద్దాంలే,” అన్నాడు వెంకట్రావు గబగబా.

“స్టోర్‌రూమ్‌లో బియ్యం డబ్బా వెనక ఒక పెట్టె పెట్టారు, అదేనేమో చూడవే,” అంది సూర్యప్రభ వంటింట్లోంచి.

మృదుల పెట్టెను ఈడ్చుకుంటూ హాల్లోకి తెచ్చింది. తను స్వయంగా అతికించిన టేపు నాలుగు వైపులా అలాగే ఉంది. వేలితో తడిమి చూసింది. ఎక్కడా కోసిన గుర్తు లేదు.

“ఇది విప్పనే లేదు కదా నాన్నా.”

సూర్యప్రభ స్టవ్ ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“వినకుండానే రాశావా?”

“నా ఇబ్బంది నీకు తెలీదు. బాగుందని రాస్తే అల్లుడి సరుకు మోస్తున్నాడంటారు. ఇన్నేళ్ల పేరు పోతుంది.”

“అయితే ‘నేను రాయకూడదు’ అని తిప్పి పంపాల్సింది! వేరే ఎవరో విని రాసేవాళ్లు. బాగాలేదని రాస్తే పక్షపాతం కాదా?” మృదుల టీవీ పక్కనున్న పెద్ద స్పీకర్ల వైపు చెయ్యి చూపించింది. “వీటికి ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు ఇచ్చావు. పరీక్షకని వచ్చి ఏడాదిన్నరగా ఇక్కడే ఉన్నాయి. ఆ కంపెనీ ప్రకటన ఈ సంచికలోనే నిండు పేజీ ఉంది. ఇన్నాళ్లూ మా నాన్న రాత అని గర్వంగా చెప్పుకున్నాను!”

“మృదులా, మాటలు జాగ్రత్త!”

“అదెందుకు జాగ్రత్త పడాలండీ?” అంది సూర్యప్రభ. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు, ఇప్పుడూ పెంచలేదు. “దాని పెళ్లి మీకు ఇష్టం లేదు. ఆ అబ్బాయి చేతిపని మీకు ఆనదు. ఆ మాట నాతో అనాలి గానీ, నలుగురూ నమ్మే పుస్తకంలో రాస్తారా?”

వెంకట్రావు ముఖం పాలిపోయింది. ఈ మూడు నెలలూ తనకు తాను చెప్పుకున్న నిష్పక్షపాతం అనే మాట ఆయన నోటికి రాలేదు.

మృదుల ఏడుస్తూ తల్లి వెంట వంటింట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపటికి ఆయన లేచి, టేపు కోసి, స్పీకర్లకు తీగలు తగిలించాడు. విని చూడడానికని పెట్టెలో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో శ్రీనివాస్ తల్లి కిష్టమ్మ పాడిన నాట్ల పాట ఉంది. చరణానికీ చరణానికీ మధ్య ఆమె తీసుకున్న ఊపిరి, గాజుల సవ్వడి, వెనకెక్కడో నీళ్లలో పడుతున్న అడుగులు అన్నీ వినిపించాయి. ఆ గొంతు ఏ డబ్బాలోనూ లేదు. మనిషి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టుంది. ఆయన రెండుసార్లు విన్నాడు.

మధ్యాహ్నం కూతురితో కలిసి ఆటోలో మీర్‌పేట్ వెళ్లాడు. శ్రీనివాస్ విప్పిన చెక్కల మధ్య కూర్చుని ఉన్నాడు. మామగారిని చూసి ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేశాడు.

“మీరెందుకు పరేషాన్ అయి వచ్చిండ్రు మామయ్యా? పాట పేరు చెప్తే సరిపోయేది గదా.”

“పాట లేదు శ్రీనివాస్,” అన్నాడు వెంకట్రావు నిలబడే. “నేను పెట్టె విప్పలేదు. వినకుండా రాశాను.”

శ్రీనివాస్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. మృదుల వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

“తిట్టినందుకు నాకు బాధ లేదు మామయ్యా,” అన్నాడు చివరికి. “విని తిట్టిండ్రు అనుకున్న. నాలుగు రోజుల సంది ఏడ తప్పు చేసిన్నో ఎతుకుతున్న. నా చెవులే ఖరాబైనయా అని దవాఖానకు గూడ పోయొచ్చిన.”

ఆ మాటకు వెంకట్రావు కుర్చీలో కూలబడ్డాడు. కళ్లద్దాలు తీసి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆయన ఏడవడం మృదుల చూడడం ఇదే మొదటిసారి. కాసేపటికి ఆమె దగ్గర నోట్‌బుక్ అడిగి తీసుకుని, సంపాదకుడికి ఉత్తరం రాశాడు. స్పీకర్లు వినకుండానే సమీక్ష రాశాననీ, తయారుచేసినవాడు తన అల్లుడనీ, ఒక కంపెనీ స్పీకర్లను ఏడాదిన్నరగా ఇంట్లో ఉంచుకుని వాటిని పొగిడాననీ, ఇకపై తాను రాయననీ రాశాడు. కింద మరో వాక్యం చేర్చాడు: ఇంత మంచి స్పీకర్లు ఈ మధ్య నేను వినలేదు.

“చదువు శ్రీనివాస్. ఇలాగే అచ్చేయమంటాను.”

శ్రీనివాస్ నెమ్మదిగా చదివాడు. కలం తీసుకుని ఆఖరి వాక్యం కొట్టేశాడు.

“గిది వద్దు మామయ్యా. ఇంకొకలు విని రాస్తరు. మంచిగుంటే మంచిగుందని, లేకుంటే లేదని.”

“కానీ అది నిజం శ్రీనివాస్. ఇవాళ విన్నాను.”

“అయితే నాకు చెప్పుండ్రి,” అన్నాడు శ్రీనివాస్. “జర సేపుండి, ఏమేం విన్నరో నాకు చెప్పుండ్రి.”

వెంకట్రావు కళ్లు తుడుచుకుని, కిష్టమ్మ ఊపిరి దగ్గర మొదలుపెట్టాడు.